చలానా కోసం ఆపి డిక్కీ తెరవమంటే తెరవాలా?

బైపాస్_బాబు
శనివారం రాత్రి విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తున్నాం. నేను, అమ్మ, చెల్లి. సిటీ ఇంకో అరగంట ఉందనగా ఆపారు. లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్స్ అన్నీ చూపించా. పాత చలానా ఒకటి పెండింగ్ ఉందన్నారు, అక్కడే ఫోన్‌లో కట్టేశా. అంతటితో అయిపోవాలి కదా? "డిక్కీ తియ్" అన్నాడు. తీశా. బ్యాగుల జిప్పులు లాగారు, అమ్మ చీరల మడతల్లో చేతులు పెట్టారు, స్టెప్నీ ఎత్తి టార్చి కొట్టారు. ఆవకాయ జాడీకి వాసెన కట్టిన గుడ్డ కూడా విప్పించారు. ఆఖర్న ఫోన్ లాక్ తీసి ఇమ్మన్నారు. ఎందుకు సార్ అంటే "గంజాయి చెకింగ్" అన్నారు. ఏమీ దొరకలేదు, పొమ్మన్నారు.

నాకు తెలియాల్సింది ఒకటే. చలానా కోసం ఆపినోడికి డిక్కీ వెతికే హక్కు ఎక్కడిది? తియ్యను అంటే ఏం చేస్తారు?

గల్లీ_క్రికెటర్
ఆవకాయ శాంపిల్ తియ్యలేదా? నేనైతే మెజిస్ట్రేట్ లేకుండానే తీసేవాణ్ణి, కంచం కూడా తెచ్చుకుని.

చిక్కడపల్లి_చారి
తియ్యను అంటే తెల్లారే దాకా రోడ్డు మీదే ఉంటావ్. హక్కులు టీవీ డిబేట్‌లో బాగుంటాయి తమ్ముడూ. అమ్మ, చెల్లి కార్లో ఉండగా ఎస్సైతో లా పాయింట్లు మాట్లాడతావా? తీసి చూపించావు, ఇంటికొచ్చావు. మంచి పని చేశావు.

నాంపల్లి_నల్లకోటు
ఇక్కడ రెండు చట్టాలు కలిసిపోతున్నాయి, విడదీస్తా.

ట్రాఫిక్ వాళ్ళ అధికారం మోటారు వాహనాల చట్టం నుంచి వస్తుంది. సెక్షన్ 130 ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు చూపాలి. 206 కింద కాగితాలు, 207 కింద కొన్ని సందర్భాల్లో బండి ఆపి ఉంచుకోవచ్చు. తాగి నడిపితే 185. వీటిలో ఎక్కడా డిక్కీ, బ్యాగు అన్న మాటే లేదు. తాళం చెవి లాక్కోమని కూడా లేదు, అది మనవాళ్ళ సొంత కవిత్వం.

డిక్కీ జోలికి రావాలంటే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తు మందుల చట్టం కావాలి. 42 కింద వెతకాలంటే ఆ అధికారి కానిస్టేబుల్ కంటే పై ర్యాంకులో ఉండాలి, ప్రభుత్వం అతనికి ఆ అధికారం ఇచ్చి ఉండాలి, మాల్ ఉందని నమ్మడానికి కారణం ఉండాలి. ఎవరైనా సమాచారం ఇస్తే దాన్ని కాగితం మీద పెట్టి 72 గంటల్లో పై అధికారికి పంపాలి. పొద్దుగూకాక వారంట్ లేకుండా వెతుకుతుంటే, వారంట్ తెచ్చే లోపు మాల్ మాయమవుతుందని ఎందుకు అనుకున్నాడో రాయాలి. బాబుగారూ, మీకు ఎదురైనాయన ర్యాంకు గమనించారా? భుజం మీద ఎన్ని స్టార్లు?

బైపాస్_బాబు
మాట్లాడినాయనకి రెండు స్టార్లు. వెతికింది మాత్రం ఇద్దరు కుర్రాళ్ళు, ఒకతను మఫ్టీలో ఉన్నాడు. ఏం రాసుకోలేదు, వీడియో తియ్యలేదు. కనీసం నా పేరు కూడా అడగలేదు.

రిటైర్డ్_హెడ్డు
లాయరు గారు 42 చెప్పి 49 దాచారు. అదీ చదవండి. ఆ అధికారమున్న ఆఫీసరుకి ఫలానా బండిలో మత్తు మందు పోతోందని అనుమానం వస్తే చాలు, ఏ టైములోనైనా ఆపొచ్చు, వెతకొచ్చు, సరుకు దించొచ్చు. బండే కాదు, జంతువు మీద పోతున్నా ఆపొచ్చని రాసి ఉంది.

ఇక రోడ్డు సంగతి. సరుకు ఏఓబీ, అంటే ఆంధ్రా-ఒడిశా బోర్డర్ వైపు నుంచి వస్తుంది. సీలేరు, భద్రాచలం, ఖమ్మం, సూర్యాపేట, ఆ పైన హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి మహారాష్ట్ర. ముందు ఒక బైక్ పైలట్‌గా పోయి చెకింగ్ ఉందో లేదో ఫోన్ చేస్తాడు. వెనక కార్లో ఆడవాళ్ళు, చంటిపిల్ల. సీటు కింద అర చేయిస్తారు, స్టెప్నీలో కూరుతారు, వెనక లైట్ల డబ్బా విప్పితే అక్కడా ప్యాకెట్లు ఉంటాయి. వాసన రాకుండా బ్రౌన్ టేపు చుట్టి పైన కారప్పొడి చల్లుతారు. జాడీ ఎందుకు విప్పారని మీకు కోపం. విప్పకపోతే రేపు సస్పెండయ్యేది ఆ ఎస్సై.

గల్లీ_క్రికెటర్
జంతువు అంటే, మా వీధి గేదెని కూడా సోదా చేయొచ్చన్నమాట. దానికి లైసెన్సూ లేదు, పొల్యూషనూ లేదు.

బైపాస్_బాబు
హెడ్డు గారూ, అనుమానం రావడానికి కూడా ఓ కారణం ఉండాలి కదండీ. విజయవాడ నుంచి వచ్చే ప్రతి కారూ అనుమానమేనా? మా అమ్మ మోకాళ్ళ నొప్పితో ముందు సీట్లో మూలుగుతోంది.

రిటైర్డ్_హెడ్డు
మీ అమ్మగారికి క్షమాపణ చెప్పకపోవడం తప్పే. దాన్ని నేను వెనకేసుకు రాను.

డాలస్_బావ
ఇక్కడ టెక్సస్‌లో అయితే "నేను ఒప్పుకోను" అని గట్టిగా ఒక్క మాట అంటే చాలు, కారణం చూపించకుండా కారు ముట్టుకోరు. 2015లో వాళ్ళ సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది. ట్రాఫిక్ టికెట్ పని అయ్యాక, అనుమానానికి ఆధారం లేకుండా కుక్కతో వాసన చూపించడానికి ఆపి ఉంచడం కూడా కుదరదు. మన దగ్గర జనానికి హక్కులు తెలియవు, అదీ సమస్య.

చిక్కడపల్లి_చారి
వచ్చాడండీ. బావా, అక్కడ కోర్టు చెప్పింది ఇక్కడ సూర్యాపేట హైవే మీద చదివి వినిపించు, ఎస్సై గారు చప్పట్లు కొడతారు.

నాంపల్లి_నల్లకోటు
బావగారు సగమే చెప్పారు. కారు కదిలిపోయే వస్తువు కాబట్టి బలమైన కారణం ఉంటే వారంట్ అక్కర్లేదని వాళ్ళ కోర్టే 1925లో చెప్పింది. అసలు తేడా వేరే చోట ఉంది. అక్కడ సోదా అక్రమమైతే దొరికిన సరుకుని సాధారణంగా సాక్ష్యంగా తీసుకోరు. మన దగ్గర 1974లోనే సుప్రీంకోర్టు తేల్చింది, సోదాలో లోపం ఉన్నంత మాత్రాన సాక్ష్యం చెల్లకుండా పోదు. అందుకే అక్కడి లాయరు సోదా మీద పోట్లాడతాడు, నేను పంచనామా మీద, అంటే సాక్షుల ముందు రాసే సోదా కాగితం మీద పోట్లాడతాను.

అలాగని మనకి ఏ రక్షణా లేదనుకోకండి. 2021లో హర్యానా నుంచి వచ్చిన కేసు చూడండి. రోడ్డు మీద జీపు ఆపారు, గసగసాల పొట్టు బస్తాలు దొరికాయి. రోడ్డు బహిరంగ స్థలం కాబట్టి సెక్షన్ 43 చాలు, 42లో రాతకోతలు అక్కర్లేదని పోలీసుల వాదన. ప్రైవేటు జీపు రోడ్డు మీదున్నా ప్రజా రవాణా వాహనం కాదు, 42 పాటించాల్సిందే అంది సుప్రీంకోర్టు. అసలు పాటించలేదు కాబట్టి నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. బస్తాలు దొరికినా సరే.

ఎస్సార్‌నగర్_హాస్టల్
అంటే 42 రాయలేదు కాబట్టి ఎవరైనా తప్పించుకోవచ్చా?

నాంపల్లి_నల్లకోటు
అంత తేలిక కాదు. ఆలస్యంగా రాసి, ఎందుకు ఆలస్యమైందో సరైన కారణం చెబితే కోర్టు ఒప్పుకుంటుంది, అసలు రాయకపోతేనే చిక్కు. ఇది 2009లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఇంకో మెలిక కూడా ఉంది. హెల్మెట్ కోసమో కాగితాల కోసమో మామూలుగా ఆపి చూస్తుంటే అనుకోకుండా మాల్ కంటపడిందనుకోండి, అప్పటిదాకా జరిగినదానికి ఎన్‌డీపీఎస్ నిబంధనలు వర్తించవు. కనపడ్డ క్షణం నుంచి వర్తిస్తాయి. 1994 నుంచీ ఇదే లెక్క. అందుకే సగం ఛార్జిషీట్లలో "వాహనాల తనిఖీ చేయుచుండగా పోలీసులను చూసి పారిపోవుటకు ప్రయత్నించగా" అనే వాక్యం ఉంటుంది. జిల్లా మారినా, సంవత్సరం మారినా ఆ వాక్యం మారదు.

రిటైర్డ్_హెడ్డు
నిజంగా పారిపోయేవాళ్ళు కూడా ఉంటారు లాయరు గారూ.

నాంపల్లి_నల్లకోటు
ఉంటారు. అందరూ ఒకే వాక్యంలో పారిపోవడమే నాకు విచిత్రం.

సరూర్‌నగర్_స్వాతి
నన్నూ మా ఫ్రెండ్‌నీ స్కూటీ మీద ఆపి హ్యాండ్‌బ్యాగ్ చూపించమన్నాడు ఒకాయన. లేడీ కానిస్టేబుల్ లేదు. లేడీని పిలవండి అంటే "బ్యాగే కదమ్మా" అన్నాడు. రూల్ ఏంటి?

నాంపల్లి_నల్లకోటు
ఒంటి మీద సోదా అయితే ఆడవాళ్ళని ఆడవాళ్ళే చేయాలి, ఎన్‌డీపీఎస్ సెక్షన్ 50లో స్పష్టంగా ఉంది. దాన్ని దాటడానికి వీల్లేదు. అదే సెక్షన్ కింద గెజిటెడ్ అధికారి గానీ మెజిస్ట్రేట్ గానీ ముందు సోదా చేయించుకునే హక్కు మీకుందని ముందే చెప్పాలి. "నీకు అభ్యంతరం లేదు కదా" అని గొణిగితే చెప్పినట్టు కాదు, 2010లో రాజ్యాంగ ధర్మాసనం దీన్ని కచ్చితంగా పాటించాలంది. మన దగ్గర ఎక్కువగా తహసీల్దార్‌ని పిలుస్తారు.

కానీ ఇదంతా ఒంటికే. చేతిలో బ్యాగు, కారు డిక్కీ "వ్యక్తి" కిందికి రావని సుప్రీంకోర్టు 2005లో చెప్పింది, 2023లో మళ్ళీ చెప్పింది. కాబట్టి సెక్షన్ 50 వరకు "బ్యాగే కదమ్మా" అన్న ఆ మహానుభావుడి మాట తప్పు కాదు. మర్యాద మాత్రం కాదు.

సరూర్‌నగర్_స్వాతి
బ్యాగు లోపల ఏముంటాయో ఆయనకీ తెలుసు, అందుకే నవ్వాడు.

పార్సిల్_పాండు
ఫోన్ గురించి ఎవరూ చెప్పట్లేదేంటి? మేం రాత్రి ఒంటిగంటకి కూడా డెలివరీలకి తిరుగుతాం. ఆపితే చాలు, మొదట ఫోన్ అడుగుతారు.

మూసీ_గట్టు
2021 అక్టోబర్ గుర్తుందా? పాతబస్తీలో రోడ్డు మీద కుర్రాళ్ళని ఆపి, ఫోన్లు తీసుకుని, వాట్సాప్ సెర్చ్‌లో గంజాయి అని కొట్టి చూసిన వీడియోలు దేశమంతా తిరిగాయి. ఎవరినీ బలవంతపెట్టలేదు, వాళ్ళే ఇచ్చారు అన్నారు అధికారులు. అర్ధరాత్రి లాఠీ పట్టుకుని అడిగితే ఎవడు ఇవ్వడు? ఆ చెకింగులు ఏ కాలనీల్లో జరిగాయో, ఏ కాలనీల్లో జరగలేదో కూడా చూడండి.

పార్సిల్_పాండు
మా వాడి ఫోన్లో "మాల్ వచ్చిందా" అని మెసేజ్ ఉంటే అరగంట నిలబెట్టారు. వాడిది కిరాణా కొట్టు.

నాంపల్లి_నల్లకోటు
కేసు లేదు, పేరు లేదు, ఊరికే ఆపి ఫోన్ తెరువు అనడానికి నాకు తెలిసిన సెక్షన్ లేదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిది మంది జడ్జిలు చెప్పారు. కేసు కట్టి ఫోన్ సీజ్ చేస్తే అది వేరే కథ. "సార్, ఏ కేసులో అడుగుతున్నారో చెప్పండి, రాసిస్తే ఇస్తాను" అనండి. గొంతు పెంచకండి, చెయ్యి అడ్డం పెట్టకండి. విధులకి ఆటంకం అని పెడితే అసలు విషయం పక్కకి పోయి కొత్త కేసు మొదలవుతుంది.

చిక్కడపల్లి_చారి
రాసిస్తారట. నవ్వు ఆగట్లేదు.

క్యాబ్_యాదగిరి
అన్నా, మీరందరు ఏం దొరకనోళ్ళ ముచ్చట చెప్తున్నరు. మా దోస్తుది ఇనుండ్రి. రాత్రి బుకింగ్ వచ్చింది, ఇద్దరు పోరగాళ్ళు ఎక్కిన్రు, డిక్కీల రెండు ట్రాలీ బ్యాగులు పెట్టిన్రు. మధ్యల పోలీసోళ్ళు ఆపిన్రు. ఎన్క కూసున్నోడు దర్వాజ తీసి ఉరికిండు, ఒగడు దొరికిండు. బ్యాగులల్ల గంజాయి, ఎనిమిది కిలోల పైమాటే. మావోడు డ్రైవర్, ఆనికేం తెల్వది. కేసుల ఆనిది గూడ పేరు రాసిన్రు. బెయిల్ మీదికెల్లి బయటికొచ్చిండు గని కారు ఇంకా స్టేషన్ కాంపౌండ్లనే ఉన్నది, టైర్లు దిగినయి, అద్దం మీద వేలుతోటి ఎవడో బూతులు రాసిండు. కిస్తీ నెలనెల కట్టాలె. డిక్కీ తెరవనియ్యాల్నా వద్దా అన్నది కాదన్నా మా పరేషాన్. తెరిచినంక ఏమైతదన్నదే.

చార్మినార్_చాయ్
ఇదీ అసలు కథ.

ఎస్సార్‌నగర్_హాస్టల్
కేజీ లోపు ఉంటే కేసు ఉండదు కదా? మా రూమ్మేట్ అన్నాడు.

రిటైర్డ్_హెడ్డు
మీ రూమ్మేట్‌ని మార్చు నాయనా.

నాంపల్లి_నల్లకోటు
గంజాయి కేజీ వరకు చిన్న మొత్తం, అంతే. నేరం కాకుండా పోదు. ఏడాది దాకా కఠిన జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. కేజీ దాటి 20 కేజీల లోపు పదేళ్ళ దాకా. 20 కేజీలు దాటితే వాణిజ్య మొత్తం, కనీసం పదేళ్ళు, ఇరవై దాకా పోవచ్చు. అక్కడ బెయిల్ కూడా సెక్షన్ 37 గేటు దాటాలి, నిందితుడు తప్పు చేయలేదని జడ్జికి నమ్మకం కలగాలి. పార్టీల్లో వాడే ఎండీఎంఏ అనే డ్రగ్ అయితే అర గ్రాము దాకానే చిన్న మొత్తం, పది గ్రాములు దాటితే వాణిజ్యం. కేజీల్లో ఆలోచించే వాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. కలిపిన పిండి, పొడి తీసేసి అసలు మందే తూచాలి అనే వాదన కూడా పనిచేయదు, మిశ్రమం మొత్తం బరువే లెక్కని 2020లో చెప్పేశారు.

యాదగిరి అన్నా, మీ దోస్తు కేసులో అసలు పేచీ తెలిసి ఉంచుకున్నాడా లేదా అన్నదే. ఈ చట్టంలో దారుణం ఏంటంటే, మాల్ నీ స్వాధీనంలో ఉందని తేలితే నీకు తెలిసే ఉంచుకున్నావని కోర్టు ముందే అనుకుంటుంది, తెలియదని నువ్వే రుజువు చేసుకోవాలి. క్యాబ్ కాబట్టి బుకింగ్ రికార్డు ప్రాణం. ఎవరి నంబర్ నుంచి బుక్ అయింది, ఎక్కడ ఎక్కారు, ఎక్కడ దిగాలి, ముందు ఆ కస్టమర్‌తో ఎన్నడైనా మాట్లాడాడా. కాల్ డేటా కోర్టు ద్వారా ఇప్పుడే తెప్పించండి, ఆలస్యమైతే కంపెనీలు ఉంచవు.

క్యాబ్_యాదగిరి
బుకింగ్ ప్రింట్ తీసినం. కారు సంగతేంది?

మూసీ_గట్టు
లాయరు గారూ, బండి కేసు అయ్యేదాకా ఇవ్వరనేవాళ్ళు కదా ఇదివరకు?

నాంపల్లి_నల్లకోటు
చాలా కోర్టులు అలాగే తిప్పి పంపేవి. 2025 జనవరిలో అస్సాం లారీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఎన్‌డీపీఎస్ కేసుల్లోనూ కేసు తేలే లోపు బండిని మధ్యంతరంగా విడుదల చేయడానికి అడ్డు లేదు. స్టేషన్లో తుప్పు పట్టడం వల్ల ఎవరికీ లాభం లేదన్నది కూడా ఆ ఆలోచనలో భాగమే. యజమానికి గానీ అతని మనిషికి గానీ నేరంతో సంబంధం లేదని కనిపిస్తే గట్టిగా అడగొచ్చు. డ్రైవరే యజమాని, ఆ డ్రైవరే నిందితుడు అయితే కొంచెం బిగుసుకుంటారు. అయినా పిటిషన్ వేయడమే.

చార్మినార్_చాయ్
న్యూ ఇయర్ టైములో డ్రగ్స్ వాడారేమోనని ఉమ్మి పరీక్షలు చేశారు కదా, దాని సంగతేంటి? దగ్గు మందు తాగినోడికి కూడా పాజిటివ్ వస్తుందంటారు.

రిటైర్డ్_హెడ్డు
కిట్ ఊరికే మొదటి మెట్టు. పాజిటివ్ వస్తే రక్తం తీసి ల్యాబుకి పంపుతారు. కొడీన్ ఉన్న దగ్గు మందు తాగుతుంటే డాక్టరు చీటీ జేబులో పెట్టుకోండి, రాత్రి రెండింటికి డాక్టరు ఫోన్ ఎత్తడు.

నాంపల్లి_నల్లకోటు
మత్తు మందు తీసుకుని దొరికితే, అంటే వాడకం మాత్రమే అయితే ఎన్‌డీపీఎస్ సెక్షన్ 27. గంజాయికి ఆరు నెలల దాకా, కొకైన్, హెరాయిన్‌కి ఏడాది దాకా. అలవాటుపడ్డ మనిషి తనంతట తాను చికిత్సకి ఒప్పుకుంటే 64ఏ కింద విచారణ నుంచి మినహాయింపు ఉంది. పిల్లలు దొరికిన తల్లిదండ్రులు చాలామంది నా దగ్గరికి పరువు పోతుందని ఏడుస్తూ వస్తారు, ఈ సెక్షన్ పేరు కూడా విని ఉండరు.

మోడరేటర్
"ఏ రూట్లో చెకింగ్ ఉండదు" అని అడిగిన పోస్టు తీసేశాను. ఆ సభ్యుడికి వారం సెలవు.

గల్లీ_క్రికెటర్
హెడ్డు గారికి ఐపీ అడ్రస్ ఇచ్చారా?

బైపాస్_బాబు
సరే, కారణం లేకుండా వెతికినందుకు వాళ్ళకేమైనా శిక్ష ఉందా, లేక అదీ మనకేనా?

నాంపల్లి_నల్లకోటు
ఉంది, సెక్షన్ 58. సహేతుక అనుమానం లేకుండా వేధింపుగా సోదా చేసిన అధికారికి ఆరు నెలల దాకా జైలు, లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అబద్ధపు సమాచారం ఇచ్చి ఇంకొకరిని ఇరికిస్తే రెండేళ్ళ దాకా.

చిక్కడపల్లి_చారి
వెయ్యి రూపాయలా? బిర్యానీ ఫ్యామిలీ ప్యాక్ కూడా రాదు.

బైపాస్_బాబు
మరి ఆ రాత్రి నేనేం చేసి ఉండాల్సింది? చారి గారు తీసి చూపించమంటారు, బావ ఒప్పుకోవద్దంటాడు.

నాంపల్లి_నల్లకోటు
అమ్మ పక్కన ఉండగా అడ్డుపడమని నేను చెప్పను. డిక్కీ తియ్యండి. కానీ మీరు దిగి పక్కన నిలబడండి, వెతికే చేతుల మీద నుంచి కళ్ళు తిప్పకండి. వెతికే ముందు వాళ్ళ జేబులూ చేతులూ చూపించమని మర్యాదగా అడగొచ్చు. వీడియో తీస్తారా సార్ అనండి. 2024 జూలై నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం సెక్షన్ 105 ప్రకారం సోదా, స్వాధీనం వీడియో తీయాలి, సెల్‌ఫోన్‌తో అయినా. ఎన్‌డీపీఎస్ సోదాలకీ అది వర్తిస్తుందనే మేం వాదిస్తున్నాం. ఏదైనా దొరికిందంటే అక్కడే తూచారా, తెల్ల గుడ్డలో కట్టి లక్క సీలు వేశారా, సాక్షులు నిజంగా అక్కడ ఉన్నారా చూడండి. నేను చూసిన ఒక పంచనామాలో రాత్రి పదకొండుకి రోడ్డు మీద రాసినట్టు ఉంది, సాక్షి సంతకం కింద తేదీ మర్నాటిది. ఆ ఒక్క అంకె మీద అరగంట క్రాస్ చేశాను. ఖాళీ కాగితం మీద మాత్రం ఎవరడిగినా సంతకం పెట్టకండి.

అరెస్టు చేస్తే కారణాలు చెప్పాలి, 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఆ మెజిస్ట్రేట్ "ఏమైనా చెప్పుకోవాలా" అని అడిగినప్పుడు నోరు తెరవండి. మావాళ్ళలో సగం మంది అక్కడ తల దించుకుని నిలబడతారు.

రిటైర్డ్_హెడ్డు
ఈ పోస్టు వరకు నేనూ ఒప్పుకుంటా. సరిగ్గా రాసిన ఎస్సైకి వీడియో అంటే భయం ఉండదు.

డాలస్_బావ
నేను చెప్పిందీ ఇదేగా.

చిక్కడపల్లి_చారి
కాదు.

క్యాబ్_యాదగిరి
సార్, కారుకి పిటిషన్ ఏడ వెయ్యాలె? కింది కోర్టులనా?

నాంపల్లి_నల్లకోటు
ఎన్‌డీపీఎస్ కేసు నడిచే సెషన్స్ కోర్టులోనే. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, ఫైనాన్స్ వాళ్ళ కిస్తీ స్టేట్‌మెంట్, బుకింగ్ ప్రింట్, ఎఫ్‌ఐఆర్ కాపీ తెమ్మనండి. ఇచ్చేటప్పుడు బండి ఫొటోలు తీయిస్తారు, బాండు రాయించుకుంటారు, అమ్మొద్దు, రంగు మార్చొద్దు, పిలిచినప్పుడు తేవాలి అని షరతులు పెడతారు. సోమవారం పదిన్నరకి నాంపల్లి కోర్టు గేటు దగ్గరికి రమ్మనండి, ప్రైవేటు మెసేజ్‌లో నంబర్ పెట్టా.

క్యాబ్_యాదగిరి
సోమారం ఆనికి స్టేషన్ల సంతకం ఉన్నది సార్, బెయిల్ కండిషన్. అది అయిపోయినంక పన్నెండు గొట్టంగ తోల్కస్త.